అల్లిక బట్ట మన్నిక - నూలుపోగు చరిత్ర

హైదరాబాదు నగరమున నారాయణగూడ కూడలినుండి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ వరకు పోవు బాటలో బట్టల దుకాణములు పెక్కు కలవు. వానిలో బనియనులు, మేజోళ్లు, టీ షర్టులు, చలికాలపు స్వెట్టర్లు అమ్ముచుందురు. ఇవి మగ్గముపై నేసిన బట్టలు కావు, అల్లిన బట్టలు. కొనువారు కొలత అడుగుదురు, రంగు చూతురు, ధర బేరమాడుదురు. నూలు ఎట్టిదని అడుగువారు అరుదు. కాని ఒకే దినమున, ఒకే ధరకు కొన్న రెండు బనియనులలో ఒకటి ఏడాది గడచినను నిలుచుటయు, రెండవది నాలుగు నెలలకే చంకలో చిరిగి, అంచు వ్రేలాడి, మసిగుడ్డగా మారుటయు అందరికిని అనుభవములోని విషయమే.

కలవారికి ఇది చిన్న సంగతి. రోజుకూలితో బ్రతుకువానికి మాత్రము కాదు. ఉద్యోగపరీక్షలకు చదువుకొనుటకై జిల్లాలనుండి వచ్చి, అశోక్ నగర్, చిక్కడపల్లి సందులలో గదులు అద్దెకు తీసికొని, తమ బట్టలు తామే ఉతుకుకొను యువకులకును కాదు. ఉన్న రెండు మూడు జతలు ఎన్నాళ్లు మన్నునో దానినిబట్టి వారి నెలసరి లెక్క నడచును.

ఈ భేదమునకు కారణము చాలవరకు నూలులోనే ఉన్నది. ఈ సంగతిని మానవుడు ఒక్కనాడు తెలిసికొనలేదు. దానికి నాలుగువందల ఏండ్లు పట్టినది. ఆ చరిత్రలో మన దేశపు నూలుకును, తెలుగువారికిని గూడ పాలు కలదు.

నేతకును అల్లికకును భేదము

నేతబట్టలో నిలువున పడుగు, అడ్డముగా పేక ఉండును. పోగులు దాదాపు తిన్నగా పోవుచు ఒకదానినొకటి దాటుచుండును. ఒక పోగు తెగినను దానిని దాటిపోవు పోగులన్నియు నొక్కిపట్టి యుంచును గనుక చిరుగు వెంటనే వ్యాపింపదు. అల్లిక అట్టిది కాదు. ఇందు పోగు పొడవునను ఉచ్చులుగా వంగును. పై వరుసలోని ఉచ్చు క్రింది వరుసలోని ఉచ్చులోనుండి దూరి వచ్చును. ఒకరి చేయి ఒకరు పట్టుకొని కోలాటమాడువారివలె ఉచ్చులు ఒకదానినొకటి ఆశ్రయించి నిలుచును. అందువలననే బనియను లాగిన సాగును, వదలిన ముడుచుకొనును. లాగినప్పుడు పోగు సాగుటలేదు, ఉచ్చు వంపు మారుచున్నది.

ఈ సుఖమునకు మూల్యము కలదు. ఒక ఉచ్చు తెగినచో దానిని ఆశ్రయించిన ఉచ్చు జారును. అది జారినచో తరువాతిది జారును. మేజోటిలో నిచ్చెనమెట్లవలె పైకి ప్రాకు సందు ఇట్లు పుట్టినదే.

ఒక బనియనులో ఎంత నూలు ఉండునో లెక్కించి చూతము. 840 గజముల నూలును ఒక చిలప అందురు. పౌను బరువునకు ఎన్ని చిలపలు తూగునో అది ఆ నూలు నెంబరు. 30 నెంబరు నూలైనచో పౌనుకు 25,200 గజములు. ఆ లెక్కన 100 గ్రాముల బనియనులో ఇంచుమించు 5 కిలోమీటర్ల నూలు కలదు. ఆ పోగును పరచుకొనుచు నారాయణగూడనుండి చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ పోయి మరల వెనుకకు వచ్చినను ఇంకను కొంత మిగులును. ఒక్కొక్క ఉచ్చునకు 3 మిల్లీమీటర్ల పోగు పట్టుననుకొన్నచో ఆ బనియనులో సుమారు 17 లక్షల ఉచ్చులుండును.

ఇన్ని లక్షల ఉచ్చులలో బట్ట ఎచ్చట తెగును? పోగు ఎచ్చట పలుచబడినదో అచ్చటనే. గొలుసు బలము దాని మిక్కిలి బలహీనమైన కొక్కెముతో సమానమను సత్యమును నూలు విషయమున 1926లో ఎఫ్. టి. పియర్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గణితరూపమున నిరూపించెను. పోగు ఎంత పొడవైనదైన, అందు బలహీనస్థానము తటస్థపడు అవకాశము అంత హెచ్చును. కావున అల్లికనూలుకు సగటు బలము చాలదు. మొదటినుండి తుదివరకు ఒకే లావు ఉండవలెను. ఈ గుణమునే సమత అందురు.

చేతిసూదులనుండి చట్రమునకు

అల్లిక ప్రాచీన విద్య. మధ్యయుగపు ఈజిప్టులో నీలి, తెలుపు నూలుపోగులతో అల్లిన మేజోళ్ల ముక్కలు నేటికిని వస్తుప్రదర్శనశాలలలో కలవు. ఐరోపాలో ఈ పని ఉన్నితోను, పట్టుతోను చేతిసూదులపై సాగెను. 1589లో ఇంగ్లండునందు నాటింగ్‌హాం సమీపమున నున్న కాల్వర్టన్ గ్రామవాసి విలియం లీ మేజోళ్లు అల్లు చట్రమును నిర్మించెను. చేతిపనివారు ఒక్కొక్క ఉచ్చును వేయుచుండగా ఈ చట్రము ఒక వరుస ఉచ్చులన్నింటిని ఒక్కమారే వేసెను.

లీ మొదటి చట్రమునకు అంగుళమునకు 8 సూదులు. దానిపై ముతక ఉన్నిపోగు మాత్రమే పనికివచ్చెను. పట్టుమేజోళ్లు అల్లుటకు అతడు సూదులను అంగుళమునకు 20 వరకు పెంచవలసి వచ్చినది. సూదులు దగ్గరైన కొలది పోగు సన్నము కావలెను. సన్నమైన కొలది సమత హెచ్చుగా ఉండవలెను. చేయి పోగులోని తేడాను గ్రహించి మెల్లగా లాగును; సూది గ్రహింపదు. యంత్రము నూలునకు పరీక్ష పెట్టిన తొలి సందర్భము ఇది. లీకి స్వదేశమున ఆదరణ లభింపలేదు. అతడు ఫ్రాన్సునకు పోయి, 1614 ప్రాంతమున అచ్చటనే మరణించెను. అతని చట్రము మాత్రము నిలిచినది.

మన నూలు, వారి మేజోళ్లు

ఉన్నికిని పట్టునకును ఒదిగిన ఈ చట్రము ప్రత్తినూలుకు చాలకాలము ఒదుగలేదు. ఆనాడు ఇంగ్లండులో వడికిన ప్రత్తినూలు బలహీనము, మిట్టపల్లములు గలది. చట్రముపై అల్లిన తొలి ప్రత్తి మేజోళ్లు 1730లో నాటింగ్‌హాం నగరమున తయారైనవనియు, వానికి వాడిన నూలు భారతదేశమున వడికినదనియు హోజరీ పరిశ్రమ చరిత్ర వ్రాసిన విలియం ఫెల్కిన్ తెలిపినాడు. సన్నని భారతీయపు పోగులను పేటలుగా కలిపి ఆ మేజోళ్లు అల్లిరి. ఇంగ్లండు యంత్రము కోరిన సమతను మన రాట్నము ఈయగలిగినదని ఇందువలన తెలియుచున్నది.

ఈ కొరతయే మరొక పరిణామమునకు దారితీసెను. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1769లో రోలర్లతో నూలు వడకు యంత్రమునకు హక్కు పొందెను. అతనికి పెట్టుబడి పెట్టినవారు శామ్యూల్ నీడ్, జెడెడయా స్ట్రట్ అనువారు. వీరిరువురును మేజోళ్ల వ్యాపారులు. అంచులు సాగి ముడుచుకొను రిబ్బు అల్లికను చట్రముపై సాధించినవాడు ఈ స్ట్రట్టే. 1771లో క్రామ్‌ఫర్డునందు వెలసిన ఆర్క్‌రైట్ మిల్లునుండి వచ్చిన గట్టిపురి నూలు మొదట మేజోళ్లకే పోయెను. పారిశ్రామిక విప్లవమునకు నాంది పలికిన వడుకుమిల్లు వెనుక అల్లికబట్ట మన్నికను గూర్చిన చింత ఉన్నదని చెప్పిన తప్పుకాదు.

మన్నికకై జరిగిన పోరాటము

1811లో నాటింగ్‌హాం ప్రాంతపు అల్లికపనివారు రాత్రులందు గుంపులుగా పోయి చట్రములను విరుగగొట్టసాగిరి. చరిత్రలో వీరికి లడ్డైట్లు అని పేరు. వీరు యంత్రమనిన ద్వేషించు అజ్ఞానులని పలువురు తలచుట కలదు. నిజమునకు వారు తరతరములుగా యంత్రముపైననే పని చేయుచున్నవారు. కూలి తగ్గించుటతోపాటు వారి ముఖ్యమైన ఆరోపణ ఒకటి కలదు. కొందరు వ్యాపారులు వెడల్పు చట్రములపై బట్ట అల్లించి, దానిని మేజోటి ఆకారమున కత్తిరించి కుట్టి చౌకగా అమ్ముచుండిరి. సరియైన మేజోటికి అంచు అల్లికలోనే ఏర్పడును. ఉచ్చులు మూసికొని యుండును. కత్తిరించిన మేజోటికి అంచున ఉచ్చులు తెగియుండును. కుట్టు వదలినంతనే అల్లిక విడిపోవును. చౌకసరకు మొత్తము వృత్తికే అపకీర్తి తెచ్చుచున్నదనియు, నాణెమైన పనికి గిరాకి పోవుచున్నదనియు వారు మొరపెట్టిరి.

1812లో బ్రిటిషు పార్లమెంటు చట్రములు పగులగొట్టుటను మరణశిక్షకు తగిన నేరముగా శాసించెను. ఆ చట్టమును ప్రతిఘటించుచు బైరన్ కవి ప్రభువుల సభలో ప్రసంగించెను. చట్టము ఆగలేదు. పనివారి ఆవేదనలో ఒక శాస్త్రసత్యము ఉన్నది: నూలు ఎంత మంచిదైనను, ఉచ్చును తెగవేసిన చోట బట్టకు ఆధారము పోవును.

హుస్సేన్ సాగరపు చెంత

ఇక మన నగరమునకు వత్తము. 1874లో వాడి కూడలినుండి హైదరాబాదునకు రైలుమార్గము తెరువబడెను. మూడేండ్లకే, 1877లో, హుస్సేన్ సాగరము చెంత హైదరాబాదు దక్కను వడుకు, నేత మిల్లు వెలసెను. 1920లో దివాన్ బహద్దూర్ రామ్‌గోపాల్ మిల్లు స్థాపితమైనది. జనులు దానిని డి.బి.ఆర్. మిల్లని పిలిచిరి. ఇది టాంకుబండు దిగువన, అశోక్ నగర్‌కు నడకదూరమున ఉండెడిది. 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు వచ్చెను. వేలాది కుటుంబములకు కూడుపెట్టిన ఈ మిల్లులన్నియు తరువాతి కాలమున మూతబడినవి.

ఈ మిల్లులు ప్రధానముగా మగ్గమునకై నూలు వడికినవి. నేతనూలు వేరు, అల్లికనూలు వేరు. పడుగుపోగు మగ్గముపై బిగువుగా నిలువవలెను. అచ్చుపన్నెల ఒరపిడికి ఓర్వవలెను. అందులకై దానికి పురి ఎక్కువ పెట్టుదురు, గంజి పట్టింతురు. అల్లికపోగు సూదిచుట్టు సుళువుగా వంగవలెను. దానికి పురి తక్కువ, మెత్తదనము ఎక్కువ.

ఇందు ప్రత్తిజాతికిని ప్రాధాన్యము కలదు. పింజ పొట్టిదైనచో దానిని గట్టిగా పట్టియుంచుటకు పురి హెచ్చుగా పెట్టవలెను. పింజ పొడుగైనచో తక్కువ పురితోనే బలము వచ్చును. హైదరాబాదు రాష్ట్రమున ప్రసిద్ధికెక్కిన గావరాణి దేశవాళీ ప్రత్తి. నేడు మేలైన అల్లికనూలుకు పొడుగుపింజ ప్రత్తినే ఎన్నుకొందురు. పొట్టిపింజలను తొలగించి పొడుగువానిని మాత్రమే వడుకుట మరొక ఉపాయము. దీనిని దువ్విన నూలు అందురు. శ్రీకాకుళము జిల్లా పొందూరులో సన్నఖద్దరు వడకు స్త్రీలు వాలుగచేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వుట తెలుగువారికి సుపరిచితము. ఆ ఎముకపండ్లు చేయు పనియే మిల్లులోని దువ్వుయంత్రమును చేయును. పొట్టిపింజలు పోయినచో పోగుపై నూగు తగ్గును. నూగు తగ్గినచో ఒరపిడికి రేగు పీచు తగ్గును. బట్ట నిగనిగలాడుచు ఎక్కువకాలము మన్నును.

కోయంబత్తూరు, తిరుప్పూరు

అల్లికనూలును పెద్దయెత్తున వడకు భాగ్యము మన మిల్లులకు గాక పొరుగున నున్న కోయంబత్తూరునకు దక్కెను. అచ్చటను తెలుగుమాట వినబడును. తరతరములుగా ఆ సీమలో స్థిరపడి, ఇంట తెలుగు మాటాడు నాయుడు కుటుంబములవారు ఆ పరిశ్రమకు మూలస్తంభములైరి. జి. కుప్పుస్వామినాయుడు 1910లో లక్ష్మీమిల్లును స్థాపించెను. 1930 దశకపు ఆరంభమున పైకారా జలవిద్యుత్తు అందుటతో మిల్లులు త్వరితముగా పెరిగినవి. 1962లో ఆ కుటుంబమునకే చెందిన జి. కె. దేవరాజులు లక్ష్మీ యంత్రనిర్మాణశాలను ప్రారంభించి, వడుకుయంత్రములు స్వదేశముననే తయారగుటకు తోడ్పడెను. 1956లో అచ్చట దక్షిణభారత జౌళి పరిశోధన సంఘము ఏర్పడెను. ఆ నూలు ఆసరాతో సమీపమున నున్న తిరుప్పూరు బనియనుల పట్టణమైనది.

పురిలోని మర్మము

పురికి ఒక లెక్క కలదు. అంగుళమునకు పెట్టవలసిన పురుల సంఖ్య నూలు నెంబరు యొక్క వర్గమూలమునుబట్టి పెరుగును. 30కి వర్గమూలము సుమారు 5.5. నేతకు పడుగైనచో దానిని ఇంచుమించు 4.5తో గుణింతురు, అంగుళమునకు 24 లేక 25 పురులు వచ్చును. అల్లికకైనచో ఇంచుమించు 3.5తో గుణింతురు, 19 పురులు చాలును.

పురి మరీ తగ్గినచో పీచులు ఒకదానిపై ఒకటి జారి పోగు విడిపోవును, నూగు రేగును. పురి మరీ హెచ్చినచో పోగు తనపై తానే మెలిదిరుగగోరును. ఆ కోరిక బట్టలోనికి వచ్చిన తరువాతను పోదు. కొన్ని బనియనులను రెండు మూడు ఉతుకుల పిమ్మట చూచినచో ప్రక్కకుట్టు పొట్టమీదికి తిరిగియుండును. ఇది దర్జీ దోషమని తలతురు. చాలసారులు అది పురి దోషమే. రెండు పోగులను వాని పురికి ఎదురుదిశలో పేనినచో ఈ మెలిక శాంతించును. రెండుపేటల నూలుతో అల్లిన బట్ట వంకరబోక, ఒరపిడికి ఓర్చుటకు కారణమిదే. ఐతే దాని వెలయును హెచ్చే.

వడుకు పద్ధతియు మన్నికను మార్చును. 1828లో అమెరికాలో జాన్ థార్ప్ కనిపెట్టిన రింగు పద్ధతి పీచులను పొడవునను చక్కగా పేనును. ఆ నూలు బలమైనది. 1967లో చెకోస్లొవేకియానుండి వచ్చిన రోటరు పద్ధతి అంతకన్న పలురెట్లు వేగముగా వడకును. ఆ నూలుకు సమత బాగుండును. బలము మాత్రము రింగునూలుకన్న తక్కువ, స్పర్శ కొంచెము గరుకు. చౌక బనియనులలో ఇది విరివిగా కనబడును.

బలమే దోషమైన కథ

1940 మే 15వ తేదీన అమెరికా అంతట నైలాను మేజోళ్లు అమ్మకమునకు వచ్చినవి. అవి ఒరపిడికి అసాధారణముగా ఓర్చునవి. నేటికిని మేజోటి మడమకును, వ్రేళ్లకొనలకును ప్రత్తితోనో ఉన్నితోనో నైలాను చేర్చుట ఇందుకే. 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డ్, డిక్సన్ అనువారు పాలియెస్టరు పీచును కనుగొనిరి. బలము చాలక బట్టలు చినుగుచున్నవను బాధ తీరినదని లోకము తలచెను.

కాని క్రొత్త బాధ పుట్టెను. అల్లికలో పోగు వదులుగా నుండును గనుక ఒరపిడికి పీచుకొనలు పైకి వచ్చి చిన్నచిన్న ఉండలుగా చుట్టుకొనును. ప్రత్తిబట్టలోను ఈ ఉండలు పుట్టును. కాని ప్రత్తిపీచు బలము పరిమితము గనుక కొంతకాలమునకు ఉండ తెగి రాలిపోవును. పాలియెస్టరు పీచు తెగదు. ఉండను గట్టిగా పట్టియుంచును. బట్ట చిరుగకముందే చూపునకు పాతదగును. పీచు బలమే బట్టకు దోషమైనది. బలము వేరు, మన్నిక వేరని లోకమునకు స్పష్టముగా బోధించినది ఈ అనుభవమే.

ఉన్నిది మరియొక కథ. ఏటేట చలికాలమున హైదరాబాదు నగరమునకు టిబెట్టు శరణార్థులు వచ్చి స్వెట్టర్ల దుకాణములు పెట్టుదురు. ఉన్ని పేరిట అమ్ముడుపోవు చౌక స్వెట్టర్లలో చాలవరకు యాక్రిలిక్ నూలువి. ఉన్నిపీచుపై చేపపొలుసులవంటి పొలుసులుండును. వేడినీట నులిమి ఉతికినచో అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని స్వెట్టరు కుదించుకొనిపోయి కంబళివలె గట్టిపడును. యాక్రిలిక్‌కు ఈ బాధ లేదు. కాని ఉండలు కట్టును, వేడికి ఆకారము చెడును. కావున దేనికి తగిన ఉతుకు దానిది.

ఉచ్చు పొడవు

నూలు మంచిదైనంతమాత్రమున బట్ట మంచిదగునా? ఈ ప్రశ్నకు సమాధానము ఇరువదవ శతాబ్దపు నడుమ లభించెను. అల్లికబట్ట విశ్రాంతిగా నున్నప్పుడు దాని కొలతలను నిర్ణయించునది ప్రధానముగా ఒక్కొక్క ఉచ్చులోని పోగు పొడవేయని డి. ఎల్. మండెన్ 1959లో ప్రకటించెను. వ్యాపారి అదే నూలుతో ఉచ్చును పొడిగించి అల్లించినచో తక్కువ నూలుతో ఎక్కువ బట్ట వచ్చును. కాని ఆ బట్టలో ఉచ్చులు ఒకదానినొకటి గట్టిగా ఒరసికొనవు. బట్ట ఉతుకులో కుదించుకొనును, వేలాడును, త్వరగా చినుగును. లడ్డైట్ల కాలపు కత్తెరమోసము వంటిదే ఇదియు. కంటికి కనబడని మోసము.

కొనువారు దీనిని పసిగట్టలేరా? కొంతవరకు పసిగట్టవచ్చును. బట్టను వెలుతురునకు ఎత్తిపట్టి చూచిన నూలులోని మిట్టపల్లములు చారలుగా తెలియును. రెండుచేతుల సాగదీసి వదలినచో మేలైన అల్లిక వెంటనే పూర్వస్థితికి వచ్చును. పలుచనిది సాగియే యుండును. అరచేతితో పదిమారులు రుద్దినచో నూగు రేగునది త్వరలోనే ఉండలు కట్టునని గ్రహింపవచ్చును. లోపలి కుట్టుచెంత వదులుగా నున్న పోగు దొరికినచో దాని పురి విప్పి చూచిన, పింజ పొడుగో పొట్టియో, పేట ఒకటియో రెండో తెలియును.

ప్రయోగశాలలలో ఇవే పనులను యంత్రములు కొలతతో చేయును. బట్టను వేలమారులు ఒరసి చూచు మార్టిండేల్ యంత్రము 1940 దశకమునుండి వాడుకలో కలదు. కాని ఆ ఫలితములు బనియనుపై అచ్చువేయబడవు. చీటిపై కొలతయు, ధరయు, నూటికి నూరుపాళ్లు ప్రత్తియను మాటయు మాత్రమే ఉండును. ప్రత్తి ఏ పింజదో, దువ్వినదో కాదో, ఏ పద్ధతిన వడికిరో సాధారణముగా ఉండదు. కొనువాడు వెలయిచ్చునది ఆ మూడింటికే. ఆ సంగతి అడుగువారు పెరిగినచో చెప్పువారును పెరుగుదురు.